టర్కీ పిల్లలు ఆమె మాటే వినేవి

మొన్న ఫోన్లో మా చిన్న మనవరాలు, పుణెలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, గొంతు తగ్గించి ఒక మాట అడిగింది. "అమ్మమ్మా, నువ్వు పనిచేసిన చోట ఎవర్నైనా చూసి నీకు కుళ్ళు పుట్టిందా?" వాళ్ల ఆఫీసులో పక్క సీటు అమ్మాయిని అందరూ మెచ్చుకుంటున్నారట. ఈ పిల్లకి అన్నం సహించడం లేదట. పుట్టింది తల్లీ అన్నాను. ఎన్నాళ్లకి పోయింది అని అడిగింది. ఇంకా పోలేదు అన్నాను. అది పకపకా నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు. నాది మొదట్నించీ చిన్న గొంతు, ఫోన్లో సగం మాటలు మీకు వినపడవు. అందుకని రాస్తున్నాను. సూరత్‌లో ఉన్న మనవడూ, వాడి చెల్లెలూ కూడా చదవండి. మీ ముగ్గురికీ ఇదే.

ఎనభైల నాటి మాట. నరసరావుపేట దాటాక పిడుగురాళ్ల రోడ్డు పక్కన ఒక సర్కారు కోళ్ల ఫారం ఉండేది. ఇప్పుడు అక్కడ ఇళ్లు లేచాయి. నా పని షెడ్లు ఊడ్వడం, దాణా పెట్టడం, నీళ్లు మార్చడం, టీకాల రోజున కోడిని పట్టుకుని రెక్క విప్పి పశువుల డాక్టరు గారికి చూపించడం. పర్మనెంటు కాదు, మస్టరు మీద కూలి. వెళ్లిన రోజుకే డబ్బులు. మీ తాతయ్య అప్పటికే పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో దగ్గు తెచ్చుకుని ఇంటిపట్టున ఉన్నారు. ఇల్లు నా కూలి మీదే నడిచేది.

ఒక ఏడాది ఆ ఫారంలో కోళ్లన్నీ తీసేసి టర్కీలను తెచ్చారు. పెంచి, పిల్లల్ని చేయించి, రైతులకి పంచాలని ఏదో పథకం. ఊళ్లోవాళ్లు వాటిని సీమకోళ్లు అనేవాళ్లు. మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. మెడ నిండా ఎర్రటి తోలు ముడతలు పడి వేలాడుతూ ఉంటుంది, పుంజు తోక విప్పితే పెద్ద విసనకర్రంత అవుతుంది. ఏ చప్పుడైనా చాలు, పుంజులన్నీ ఒక్కసారే బదులు పలికేవి. రోడ్డు మీద సున్నం లారీ హారన్ కొడితే షెడ్డు షెడ్డంతా గుళగుళమని కూసేది. డ్రైవర్లకి అదొక సరదా. మా గేటు దగ్గరికి రాగానే కావాలని కొట్టేవాళ్లు.

పెద్దవాటితో ఇబ్బంది లేదు. పిల్లలతోనే. కోడిపిల్ల గుడ్డులోంచి బయటికొస్తూనే నేలని పొడుస్తుంది. టర్కీ పిల్లకి అది తెలియదు. దాణా మీద నిలబడి, దాణా తొక్కుతూ, ఆకలికి చచ్చిపోతుంది. మొదటి విడత పిల్లలు నా చేతుల్లో అలాగే పోయాయి. ముక్కు పట్టుకుని దాణాలో ముంచాను, నీళ్లలో ముంచాను, గుడ్డు ఉడకబెట్టి చిదిమి చల్లాను. కొన్ని తిన్నాయి, చాలా వరకు తినలేదు. డాక్టరు గారు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాయన, మెత్తటి మనిషి. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

అప్పుడు వచ్చింది ఆమె.

బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు. వాళ్ల చేను ఏటా వరసగా ఎండిపోతే పని వెతుక్కుంటూ, కోళ్ల గంపతో సహా వచ్చి దగ్గర్లోనే గుడిసె వేసుకుంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. నా గొంతు ఎంత చిన్నదో ఆమెది అంత పెద్దది. గేటు దగ్గర మాట్లాడితే దాణా గదిలో వినపడేది. వచ్చిన రోజే పిల్లల షెడ్డులోకి తొంగిచూసి, "వీటికి అయ్యవారు కావాలక్కా," అంది. నాకు అర్థం కాలేదు. మర్నాడు గంపలో నాటుకోడి పిల్లల్ని తెచ్చి టర్కీ పిల్లల మధ్య వదిలింది. కోడిపిల్లలు దిగీ దిగగానే టకటకా పొడవడం మొదలుపెట్టాయి. టర్కీ పిల్లలు మెడలు సాచి చూశాయి. ఒకటి వంగింది. ఇంకోటి వంగింది. మధ్యాహ్నానికి తొట్టి చుట్టూ వరస కట్టాయి.

డాక్టరు గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు. ఇది నేను చదివిన పుస్తకంలోనే ఉందమ్మా, పరీక్ష రాసి మర్చిపోయాను అన్నారు. ఆ రోజు నుంచి ఆ కోడిపిల్లల్ని మేమంతా అయ్యవార్లు అనే పిలిచేవాళ్లం. ప్రతి విడతకీ ఆమె ఇంట్లో కోడి పొదిగిన పిల్లల్ని కొన్నిటిని తెచ్చి టర్కీ పిల్లలతో కలిపేది.

నా కుళ్ళు అక్కడ మొదలైంది. అయ్యవార్ల వల్ల కాదు, ఆ తర్వాత జరిగిన దానివల్ల. పిల్లలు ఆమె వెంట పడడం మొదలుపెట్టాయి. "దా దా దా దా" అని నాలుకతో ఒక టక్కు వేసి పిలిచేది. ఆ టక్కు వినపడితే షెడ్డులో ఏ మూల ఉన్నవైనా పరుగెత్తుకొచ్చేవి. వాకిట్లో నడుస్తుంటే పెద్దవి కూడా వరసగా వెనకే నడిచేవి, ముందు ఆమె, వెనక ఊరేగింపు. అదే దాణా నేను పెడితే తినేవి, కానీ తలెత్తి ఆమె ఎక్కడుందా అని చూసి తినేవి. పెంచింది ఆమె గదా అంటారు మీరు. నేనూ పెంచాను. షెడ్డు ఊడ్చిందీ, బేసిన్లు తోమిందీ, తెల్లారి ముందొచ్చి ఊక తిరగేసిందీ నేనే.

ఒకసారి ఆమె ఎక్కువగా కట్టే ఆకుపచ్చ చీరలాంటిదే నేనూ కొనుక్కుని కట్టుకెళ్లాను. పక్షులు రంగుని గుర్తుపడతాయేమోనని. అవి పరుగెత్తుకొచ్చాయి, నా మొహం చూశాయి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. మా వాచ్‌మన్ సాయిబు గారు గేటు దగ్గర కుర్చీలోంచి ఇదంతా చూశాడు. మేమిద్దరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. "చీర బానే ఉందమ్మాయ్, గొంతు కూడా కొనుక్కోవాల్సింది," అన్నాడు. ఆ చీర మళ్లీ పనికి కట్టలేదు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని దా దా అని టక్కు వేయడం నేర్చుకుంటుంటే మీ తాతయ్య దగ్గు మధ్యలో ఆగి, ఎవర్ని పిలుస్తున్నావ్ అని అడిగారు.

ఇంతలో డాక్టరు గారు మా ఇద్దర్నీ పిలిచి చెప్పారు, ఒక అటెండరు పోస్టు వచ్చేట్టుంది, పర్మనెంటు, మీ ఇద్దరిలో ఒకరికి. గుంటూరు నుంచి పెద్దాఫీసరు వచ్చి పని చూసి ఎవరికో తేలుస్తారు. ఆమె "ఎవరికొచ్చినా మంచిదే గద సార్," అంది. నాకు ఒళ్లు మండింది. అలా అనగలిగే మనిషికి పోటీగా ఏం చెప్పాలి? ఆ పోస్టు నాకు కావాలి. ఇంట్లో దగ్గే మనిషి ఉన్నాడు. ఆమెకీ కావాలి, ఆమె చేలో ఏమీ లేదు. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నాకు కావలసిందేమీ తగ్గలేదు.

కోటప్పకొండ తిరునాళ్ల వెళ్లిన రోజుల్లో ఒక విడత పిల్లలు దిగాయి. ఆ సారి ఆమె ఇంట్లో కోడి సరిగా పొదగలేదు. పిల్లలేమో దాణా తొక్కుతూ నిలబడ్డాయి. ఆమె సంతకి వెళ్లి అయ్యవార్లని కొనుక్కొచ్చింది. నేను అడ్డం పడ్డాను. "ఎక్కడియ్యో ఏందో తెలవకుండా ఎందుకు తెచ్చావే?" అన్నాను. నన్ను తెలివైనదాన్ని అనుకోకండి. వాటిలో జబ్బు ఉంటుందని నాకు తెలియదు. ఆమె ఏం తెచ్చినా అనాలనిపించింది, అన్నాను. డాక్టరు గారు ఆ కోడిపిల్లల్ని చేతిలోకి తీసుకుని కళ్లు చూశారు, నోరు తెరిచి చూశారు. హుషారుగానే ఉన్నాయి. బయటి కోడిని తెస్తే కొన్నాళ్లు విడిగా ఉంచి చూడాలి, అది పద్ధతి. కానీ విడిగా ఉంచేలోపు టర్కీ పిల్లలు ఆకలికి పోతాయి. కలిపేయమన్నారు.

ఆ విడత బాగా తిని ఎదిగింది. కొంచెం పెద్దవయ్యాక వాటిని పెద్ద షెడ్డుకి మార్చాం. అయ్యవార్లని విడదీస్తే బెంగ పెట్టుకుంటాయని వాటినీ పంపాం. పిల్లల కోసం ఉన్న చిన్న షెడ్డులో కొత్తగా పుట్టిన ఇంకో విడత దిగింది. వీటికి ఆమె ఇంటి కోడిపిల్లలే దొరికాయి.

ఒక పొద్దున నేను గేటు దగ్గర బేసిన్లు తోముతున్నాను. లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. షెడ్డులోంచి బదులు రాలేదు. ఇంకో లారీ వెళ్లింది. ఒకటో రెండో పుంజులు కూశాయి, అవి కూడా గొంతు బొంగురుపోయినట్టు. బేసిను వదిలేసి డాక్టరు గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన వెంటనే లేచారు, చెప్పులు వేసుకుంటూ, "ఆమెను పిలువు, పక్షుల సంగతి ఆమెకి తెలుస్తుంది," అన్నారు. చూశారా? కనిపెట్టింది నేను. పిలవాల్సింది ఆమెని.

ఆమె అప్పటికే పెద్ద షెడ్డులో ఉంది, ఒక పుంజును ఒళ్లో పెట్టుకుని పమిట చెంగుతో కళ్లు తుడుస్తోంది. కంటి మూలల్లో నురగ. కళ్ల కింద ఉబ్బు. ముక్కుల్లోంచి నీళ్లు. ఎటు చూసినా చీదుతున్నాయి, నోళ్లు తెరిచి గాలి పీలుస్తున్నాయి, లోపల గురగురమని శబ్దం. ఇంట్లో రాత్రంతా వినే శబ్దమే అది, నాకు కొత్తేం కాదు. సాయంత్రానికి ఒకటి పోయింది. డాక్టరు గారు దాన్ని కోసి గొంతు గొట్టం చూపించారు. లోపల ఎర్రగా కంది, జిగట నిండి ఉంది. శాంపిల్ ల్యాబుకి పంపారు. నాటుకోళ్లకి వచ్చే కొక్కెర తెగులే ఇది అయ్యుంటుంది అన్నారు, తర్వాత రిపోర్టూ అదే చెప్పింది. నాటుకోళ్లని అది గంపలకి గంపలు ఊడ్చేస్తుంది, ఊళ్లో పుట్టిన మీ అమ్మానాన్నలని అడగండి. టర్కీలని అంత తొందరగా తీసుకెళ్లదు. నలిపి నలిపి తీసుకెళ్తుంది. ఇంకో విచిత్రం, కొన్ని కోళ్లు జబ్బుని లోపల పెట్టుకుని పైకి హుషారుగా తిరుగుతాయి. సంత అయ్యవార్లు అలాంటివే. మా పిల్లలకి తిండి నేర్పింది అవే, జబ్బు అంటించిందీ అవే.

మందు లేదా సార్ అని ఆమె అడిగింది. వైరస్‌కి మందు లేదమ్మా, బలహీనపడ్డప్పుడు పైన ఎక్కే ఇంకో జబ్బుకి మాత్రం ఇస్తాను అన్నారు. ఆయన భయమంతా చిన్న షెడ్డు గురించి. దానికి ఇంకా అంటలేదు. పెద్ద షెడ్డులో పనిచేసే మనిషి చిన్న షెడ్డు గడప తొక్కకూడదు అన్నారు. బట్టలకీ చేతులకీ చెప్పులకీ అంటుకుని జబ్బు నడిచి వస్తుందట. ఆమె అప్పటికే జబ్బు పక్షుల్ని ఒళ్లో పెట్టుకుంది. నేను బయట బేసిన్లు తోముతున్నాను. అంతే, అక్కడికక్కడ తేలిపోయింది. పెద్ద షెడ్డు ఆమెది. చిన్న షెడ్డు నాది.

పిడుగురాళ్ల లారీలోంచి సున్నం దింపించి, వాకిలి మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెడల్పుగా గీత పోశారు. అవతలి మనిషి ఇవతలికి రాకూడదు. నా గడపలో ఫినాయిలులో తడిపిన గోనెసంచి. లోపలికి వేరే చెప్పులు. చిన్న షెడ్డులోంచి అయ్యవార్లని కూడా తీసేశారు. ఆమె ఇంటి కోళ్లే అయినా ఇక నాటుకోడి అన్నదాన్ని నమ్మలేనన్నారు. టర్కీ పిల్లలకి కంట్లో టీకా చుక్కలు వేశాం. ఒక రోజు మగతగా ఉంటాయి, తర్వాత తింటాయి అన్నారు.

తినలేదు.

అయ్యవార్లు పోయారు. ఆమె లేదు. పిల్లలన్నీ పెద్ద షెడ్డు వైపు గోడకి ఆనుకుని ముద్దగా నిలబడ్డాయి. అవతల ఆమె పుంజులతో మాట్లాడుతుంటే ఆ శబ్దం గోడలోంచి వస్తుంది, దానికోసం. నేను దాణా తొట్టి మీద వేలితో టకటక కొట్టాను. ఉల్లికాడలు సన్నగా తరిగి చల్లాను. మెరిసేవాటిని పొడుస్తాయని డాక్టరు గారు చెబితే రంగు గోలీలు తెచ్చి దాణాలో వేశాను. పొయ్యి ముందు నేర్చుకున్న టక్కు వేసి దా దా అని పిలిచాను. తలలు తిప్పి నన్ను చూశాయి. మళ్లీ గోడ వైపు తిరిగాయి. పట్టి చూస్తే ఛాతీ ఎముక వేలికి తగులుతోంది.

ఈ నా అవస్థలో కూడా నాకు కుళ్ళు తగ్గలేదు. జబ్బు షెడ్డుని చూసి కుళ్ళుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది, మీ అమ్మమ్మ. అందరి చూపూ అటే. డాక్టరు గారు ఆమెకి గీత దగ్గర టీ గ్లాసు పెట్టించేవారు. సాయిబు గారు పొద్దునే ఆమెనే పలకరించేవాడు. దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి, పాపం ఆ పిల్ల చూడు అనేవాళ్లు. నా షెడ్డులో జబ్బు లేదు. లేనిదాన్ని ఎవరు చూస్తారు? చెప్పులు కడిగి, చేతులు కడిగి, బేసిన్లు కడిగి నా వేళ్లు ఒరిసిపోయాయి. కడిగిన చేతుల్లో ఏం కనపడుతుంది?

రెండో రోజు మధ్యాహ్నం కొన్ని పిల్లలు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. ఇంకొక రోజు పోతే మొదటి విడతలాగే అన్నీ పోతాయి. జబ్బు రానివ్వకుండా కాపాడి, ఆకలికి చంపానని పేరు వస్తుంది. పోస్టు మాట దేవుడెరుగు, ఫారమే మూసేస్తారు. ఏం చేయాలో నాకు నిన్నటి నుంచే తెలుసు. ఆ పని చేయడానికి నాకు నోరు రావడం లేదు.

గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె అవతల గోనెలు ఉతుకుతోంది. నా గొంతు అక్కడిదాకా పోదు గదా, తను తలెత్తేదాకా నిలబడ్డాను.

"పిల్లలు తినట్లా," అన్నాను.

"నువ్వు పిలిచావా అక్కా?"

"పిలిచా. నా పిలుపు వాటికి ఎక్కట్లా. నువ్వు పిలువు."

"నేనటు రాకూడదుగా."

"రావద్దు. అక్కణ్ణించే పిలువు. గొంతుకి జబ్బు అంటదుగా."

చేతిలో గోనె పిండుతూ ఆమె నవ్వింది. "నిన్న పొద్దుట్నించీ చూస్తన్నా, ఎప్పుడడుగుతావా అని."

"మరి అడక్కముందే పిలవొచ్చుగా."

"పిలిస్తే నువ్వు మూతి ముడుచుకుంటావు. నాకు తెలవదా ఏంది?"

ఇన్నాళ్లూ నా కుళ్ళు నా కడుపులోనే ఉందనుకున్నాను. ఆమెకి మొదట్నించీ తెలుసు. తెలిసే అక్కా అక్కా అంటూ తిరిగింది. ఆకుపచ్చ చీర సంగతి కూడా ఆమెకి తెలిసే ఉంటుంది.

నేను లోపలికి వెళ్లి తొట్టి దగ్గర నిలబడ్డాను. ఆమె అవతల నుంచి పిలిచింది. దా దా దా దా, టక్కు. ముద్దగా ఉన్నవన్నీ ఒక్కసారి మెడలు లేపాయి. నేను అదే క్షణంలో దాణా పోశాను, గింజలు రేకు మీద గలగలమనేట్టు. ఆమె పిలుస్తూనే ఉంది, నేను పోస్తూనే ఉన్నాను. ఒకటి పొడిచింది. దాని పక్కది పొడిచింది. లేవలేని వాటి ముక్కుల దగ్గరికి నేను చేత్తో అందించాను.

ఆ తర్వాత రోజూ అంతే. నేను గిన్నెతో తొట్టిని ఒకసారి కొట్టేదాన్ని, అది ఆమెకి గుర్తు. ఆమె పిలిచేది. చేతులు నావి, పిలుపు ఆమెది. కొన్నాళ్లకి తొట్టి చప్పుడుకే రావడం నేర్చుకున్నాయి. నా మొహానికి మాత్రం రాలేదు.

అవతల పెద్ద షెడ్డు ఖాళీ అవుతూ వచ్చింది. వెనక గోతులు తవ్వించి సున్నం వేసి పూడ్చేవాళ్లు. ప్రతి పక్షినీ ఆమే చేతుల్లో పెట్టుకుని తీసుకెళ్లేది, గంపలో వేయనిచ్చేది కాదు. ఆమె ఏడ్చి ఉంటే నాకు కొంచెం బాగుండేది. ఏడవలేదు. సున్నం దుమ్ముకీ, అరుపులకీ ఆమె గొంతు బొంగురుపోయింది. అయినా వేళకి పిలిచేది.

గుంటూరు పెద్దాఫీసరు జీపులో వచ్చిన రోజు నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. పెద్ద షెడ్డులో మిగిలిన వాటిని కూడా తీసేయాలని, చిన్న షెడ్డు చూసి ఫారం ఉంచాలో మూయాలో తేలుస్తారని డాక్టరు గారు ముందే చెప్పారు. పోస్టు సంగతి కూడా ఆ రోజే. ఆఫీసరు ఏమడుగుతారో నాకు తెలుసు. నాటుకోడి పిల్లల్ని ఎవరు తెచ్చారు అంటారు. ఈ చిన్న షెడ్డు ఎవరు చూశారు అంటారు. రెండింటికీ జవాబులు రోజుల తరబడి మనసులో తిప్పుతున్నాను. మొదటిదానికి నాకు తెలియదండీ అనాలా, ఆమే తెచ్చిందండీ అనాలా? రెండోదానికి నేనే అనాలా, మేమిద్దరం అనాలా? ఒకరోజు ఒకటి ఖాయం చేసుకుంటే మర్నాడు ఇంకోటి.

ఆయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. గీత దాటకుండా ఇవతలి గేటు నుంచే వచ్చి, జాలీలోంచి పిల్లల్ని చూశారు. నేను గిన్నెతో తొట్టి కొట్టాను. పిల్లలు గుంపుగా వచ్చి తిన్నాయి. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి, బయటి కోళ్లని లోపలికి ఎవరు తెచ్చారని అడిగారు. డాక్టరు గారు కలపమన్నది నేనే సార్ అన్నారు. తెచ్చింది ఎవరని మళ్లీ అడిగారు. నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. నేను నోరు తెరిచాను.

"నేనేనండి," అని అవతల నుంచి వినపడింది. "సంతలో కొనుక్కొచ్చా. ఇంట్లో కోడి పొదగలా."

ఆఫీసరు గీత వైపు తిరిగారు. అవతల ఆమె నిలబడి ఉంది, చేతులు మోచేతుల దాకా సున్నంతో తెల్లగా. ఆయన తల పంకించారు. మరి ఈ పిల్లల్ని ఎవరు చూశారు అని నన్నే అడిగారు. ఈసారి సూటిగా నన్నే.

నా నోరు తెరిచే ఉంది. మాట ఇంకా రాలేదు.

"ఆమేనండి," అంది ఆమె, ఆ బొంగురు గొంతుతోనే. "అంతా ఆమె చేతి మీదే. అక్క కాబట్టి దక్కినయ్."

పోస్టు నాకొచ్చింది. నా పేరు మీద కాయితం వచ్చిన నాటికి పెద్ద షెడ్డులో పక్షులు లేవు, ఇద్దరికి పనీ లేదు. డాక్టరు గారు ఎవరినో పట్టుకుని దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీనులో ఆమెకి పని చూపించారు. వెళ్లే రోజు సంచి తీసుకోవడానికి వచ్చింది. బస్సు దాకా నేనూ వెళ్లాను. బస్సు కనపడ్డాక అడిగాను, ఆ రోజు అట్లా ఎందుకు చెప్పావని.

"నిజమే గదక్కా చెప్పింది," అంది.

"సగం నిజం. పిలిచింది నువ్వుగా. నువ్వు చెప్పొచ్చుగా."

"అది నువ్వు చెబుతావుగా అనుకున్నా. నీకు నోరు పెగలటానికి చానా టైం పడుద్ది, ఆయనేమో జీపెక్కేట్టున్నాడు. నీది నేను చెప్పా. ఇంకొంచెం సేపుంటే నాది నువ్వు చెప్పేదానివే."

బస్సు ఆగింది. సంచి పైకి అందించాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, పక్కనున్న ముసలాయనతో అప్పుడే మాటలు మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆమెని నేను చూడలేదు. నేను అటెండరుగా చేరాను, ఆ ఉద్యోగం మీదే మీ అమ్మని చదివించాను, మీ తాతయ్యకి మందులు కొన్నాను, ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నాను. నాకు రావలసిందంతా వచ్చింది. ఆ ఫారంలో ఆమెకి ఏమీ రాలేదు. అయినా ఇప్పుడు కూడా ఆమెను తలుచుకుంటే కడుపులో అదే మంట. పక్షులు ఆమె వెంట పడినందుకు కాదు, అది ఎప్పుడో పోయింది. నేను చెప్పేదాన్నే అని ఆమె నన్ను గురించి అంత ఖాయంగా అనుకుంది. ఆలోచించను కూడా లేదు, బస్సెక్కుతూ అనేసింది. నన్ను నేను అలా ఒక్క రోజు కూడా నమ్మలేదు. చెప్పేదాన్నో కాదో నాకు ఇవాళ్టికీ తెలియదు. నా గురించి నాకు తెలియనిది ఆమెకి ఎలా తెలిసిందమ్మా?